మాటలలోని లెక్క



తన పేరు రాతిమీద గాని కాగితముమీద గాని ఎక్కరాదని కోరి, జీవితకాలమంతయు మూడవ తరగతి, నాలుగవ తరగతి పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పి, అంతకంటె ఘనమైన పని తనకు వేరొకటి కలదని ఎన్నడును తలపక కాలధర్మము చెందిన ఒక ఉపాధ్యాయుని స్మృత్యర్థము కుటుంబమువారు నెలకొల్పిన ధర్మనిధి పక్షమున ఏర్పడిన ఈ ఉపన్యాసమును చేయుటకు నన్ను పిలిచినందులకు కృతజ్ఞుడను. ఆయన కోరిక ఇంటివారికి ఎంత శిరోధార్యమో నాకును అంతే గనుక, పేరు చెప్పకయే ఆయన పనిని గూర్చి మాటాడెదను. ఆ పనిలో ఆయనను అన్నిటికంటె ఎక్కువగా బాధించినది ఒక్కటి: ఎక్కములన్నియు తడుముకొనకుండ అప్పజెప్పు పిల్లవాడు, మూడంకెల కూడికను పలకమీద చకచక వేయు పిల్ల, అదే లెక్కను నాలుగు మాటలలో పెట్టి అడిగినంతనే నిలువునా మ్రాన్పడి ఉపాధ్యాయుని ముఖము వంక చూచుట. తెలుగు పాఠ్యపుస్తకములు ఇట్టి మాటల లెక్కను పద సమస్య అనును. ఉర్దూ బడులలో ‘ఇబారతీ సవాల్’ అందురు. ఇస్లామీయ విద్యాసంప్రదాయములో చదువుకొను మన హైదరాబాదు నగరపు బాలబాలికలకు ఈ సమస్య ఎట్లు ఎదురగుచున్నదో, ఎందువలన ఎదురగుచున్నదో, దానిని దాటించుటకు ఆ సంప్రదాయములోనే ఎంతటి సామగ్రి పడియున్నదో విన్నవించుట నా ఉద్దేశము.

స్థలమును గూర్చి ముందొక మాట. 1998వ సంవత్సరము ఈ గచ్చిబౌలి, మాదాపురము ప్రాంతములకు రెండు విధముల స్మరణీయము. ఆ యేడు నవంబరులో ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి; ఆ సంవత్సరమే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము జన్మించి, తరువాత ఈ గచ్చిబౌలి బండల నడుమనే నిలదొక్కుకొన్నది. యంత్రములకు భాష నేర్పు భవనములు, ఒక భాషలో సమస్త శాస్త్రములను చెప్పవలెనను సంకల్పముతో పుట్టిన విద్యాలయము, ఇట్లు ఒకే ఈడున, ఒకే పేటలో పెరిగినవి. వీటి రెంటికంటె ఎంతో ప్రాచీనముగా, షేక్‌పేట, మణికొండల సమీపమున హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా కలదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున హుస్సేన్ సాగరమును కట్టించినవాడు ఆయనయే. సూఫీ సాధువును, నీటి పారుదల లెక్కలు తెలిసిన నిర్మాతయు ఒకే మనిషిలో ఇమిడియుండుట ఆనాడు ఎవరికిని వింతగా తోచియుండదు. మతవిద్యయు గణితమును రెండు వేరు గదులలో నుండవలసినవని మనము తలచుట ఎంత అర్వాచీనమో తెలియుటకు ఆ దర్గా మెట్లెక్కినను చాలును.

ఐటీ కారిడార్ అని మనము పిలుచుకొను ఈ ప్రాంతములో వేలకొలది యువతీయువకులు ప్రతిదినము చేయు పని ఏమి? ఎవరో ఒకరు తమ భాషలో చెప్పుకొన్న అవసరమును ఆలకించి, అందులో తెలిసినదేది, తెలియవలసినదేది, ఆ రెంటికి గల సంబంధమేది అని విడదీసి, యంత్రమునకు అర్థమగు సూత్రముగా వ్రాయుట. అనగా పెద్దలు జీతము పుచ్చుకొని చేయు పద సమస్యయే అది. ఆ భవనములకు కాపలా కాయువారి పిల్లలు, ఆ ఉద్యోగులను కారులలో చేరవేయువారి పిల్లలు, ఆ అంతస్తులకు సున్నములు, రంగులు వేసినవారి పిల్లలు, టోలీచౌకి, షేక్‌పేట, మసీద్ బండ, బోరబండ వీధులలోని మసీదు బడులైన మక్తబులకు, ఉర్దూ మాధ్యమ పాఠశాలలకు, మతవిద్యయైన దీనియాత్‌తోపాటు ఇంగ్లీషు చెప్పు చిన్న చిన్న ప్రైవేటు బడులకు పోవుచున్నారు. వారికి ఈ విద్య దక్కకపోయినచో, తమ గుమ్మము ముందు లేచిన భవనములోనికి వారు తండ్రి పోయిన ద్వారముననే పోవలసివచ్చును. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకొనలేదు.

ఇస్లామీయ పాఠశాల యనగానే పెక్కుమంది మనస్సులో మెదలునది రాత్రింబవళ్లు అచటనే యుండి చదువు మదరసా. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఆ అభిప్రాయమును సరిదిద్దినది: బడియీడు ముస్లిం బాలలలో మదరసాలకు పోవువారు నూటికి సుమారు ముగ్గురు మాత్రమే. మిగిలినవారిలో ఎందరో పగలు ప్రభుత్వ పాఠశాలలోనో ప్రైవేటు పాఠశాలలోనో చదివి, ఫజర్ నమాజు తరువాతనో అసర్ నమాజు తరువాతనో మసీదు ప్రక్కనున్న మక్తబులో ఖురాను పఠనము నేర్చుకొనువారే. కావున నేను చెప్పబోవునది ఆ ముగ్గురిని గూర్చి మాత్రమే కాదు, రెండు బడుల నడుమ దినమును పంచుకొను ఆ పెద్ద సమూహమును గూర్చియు.

ఇక ఒక తరగతిలోనికి పోవుదము. షేక్‌పేట వైపున ఒక ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాలలో నాలుగవ తరగతి. పిల్లలు ‘ఆపా’ అని పిలుచు ఉపాధ్యాయిని నల్లబల్లమీద వ్రాసిన లెక్క యిది: సలీము వద్ద 45 గోళీలు కలవు, అవి అహ్మదు గోళీలకంటె 12 ఎక్కువ, అహ్మదు వద్ద ఎన్ని కలవు? ముందు వరుసలోని బాలుడొకడు దానిని ఒక్క అక్షరమైన తడబడక, స్వచ్ఛమైన ఉచ్చారణతో చదివెను. చదివినంతనే పలకమీద 57 అని వేసెను. అతని కన్ను ‘జ్యాదా’ అను మాటను పట్టుకొన్నది. ఎక్కువ యన్నచోట కూడవలెనని అతనికెవరో చెప్పియుండిరి. ఆపా తప్పనలేదు, తుడువలేదు. అతని ప్రక్కన కూర్చున్న పిల్లవానిని లేపి నిలువబెట్టి, ఇంటిలో మాటాడు దక్ఖనీలో అడిగెను: “తెరే కనే పైంతాలీస్ గోలియాఁ హై. ఉస్ సే తెరే కనే బారా జాస్తీ. ఉస్ కనే కిత్తే?” నీ కడ నలుబదియైదు గోళీలు, వానికంటె నీకు పండ్రెండు ఎక్కువ, వాని కడ ఎన్ని యని. ప్రక్కవాని చేతుల వంక ఒక్కమారు చూచి ఆ బాలుడు, “తైంతీస్, ఆపా” అనెను, ముప్పదిమూడని. పలకమీద ఏమియు వేయలేదు. 45లోనుండి 12 తీసివేయుట అతనికి రాక కాదు. ఏది తీసివేయవలెనో పుస్తకపు వాక్యము అతనికి చెప్పలేకపోయినది.

ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ అను విదుషి 1977లో ఈ విషయమును క్రమబద్ధముగా పరిశీలించినది. మాటల లెక్క చేయు బాలుడు అయిదు మెట్లు ఎక్కవలెనని ఆమె నిరూపణము: వాక్యమును చదువుట, దాని అర్థమును గ్రహించుట, ఆ అర్థమును కూడికగానో తీసివేతగానో మార్చుట, ఆ ప్రక్రియను చేయుట, వచ్చిన సంఖ్యను అడిగిన ప్రశ్నకు జవాబుగా వ్రాయుట. మన తరగతులలో బోధన యంతయు నాలుగవ మెట్టుమీద జరుగును; పిల్లలు జారిపడునది మాత్రము తరచుగా రెండవ మెట్టుమీదను, మూడవ మెట్టుమీదను. పడినచోట చేయూత నీయక, పడనిచోట మరల మరల ఎక్కించుట వలన పిల్లవానికి అలసటయు ఉపాధ్యాయునికి నిరాశయు తప్ప మిగులునదేమున్నది?

ఇది ఒక మతమువారి పిల్లలకో, ఒక భాషవారికో పరిమితమైన లోపమని ఎవ్వరును తలపకుందురు గాక. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పట్టణపు గణితవిద్యా పరిశోధకులు సుమారు 1979 ప్రాంతమున చిన్న తరగతుల పిల్లలను ఒక ప్రశ్న యడిగిరి: ఓడలో 26 గొఱ్ఱెలు, 10 మేకలు ఉన్నవి, ఓడ నాయకుని వయస్సెంత? ఆ 97 మంది పిల్లలలో 76 మంది ఇచ్చిన సంఖ్యలనే ఏదో విధముగా కలిపి జవాబు చెప్పిరి. బడిలో లెక్క యనగా కనబడిన అంకెలను ఏదో ఒకటి చేయుటయేనని, అందలి మాటలు కేవలము అలంకారములని ఆ పిల్లలు నిశ్చయించుకొనిరి. అట్లు నిశ్చయించుకొనుటకు కారణము మనము, పెద్దలము. మన ట్యూషన్లలో ‘ఆల్టుగెదర్ అంటే ప్లస్, లెఫ్ట్ అంటే మైనస్’ అని గోడమీద పట్టిక యంటించి వల్లె వేయించుచున్నాము. షేక్‌పేట బాలునిచేత 57 వేయించినది అట్టి బోధయే. చదువవలసిన అవసరము లేకుండ లెక్క చేయు ఉపాయమును నేర్పి, పిల్లలు చదువరని విచారించుట న్యాయము కాదు.

అయినను హైదరాబాదు ముస్లిం బాలునికి ఈ రెండవ మెట్టు ఇతరులకంటె ఎత్తుగా నుండుటకు ప్రత్యేక కారణములు కలవు. వాటిని తీరికగా చూడవలసియున్నది. ఇంటిలో అతడు మాటాడునది దక్ఖనీ. బడిలో చదువునది గ్రంథస్థమైన ఉర్దూ. మక్తబులో పఠించునది అరబ్బీ. వీధిలో వినునది తెలుగు. ఇప్పుడు వీటిపైని ఆంగ్లము. రాష్ట్ర ప్రభుత్వము 2016లో 71 పాఠశాలలతో ప్రారంభించి తరువాత 204కు పెంచిన మైనారిటీ గురుకులములు ఆంగ్ల మాధ్యమములోనే నడచుచున్నవి. ఆ గురుకులముల వలన ఎందరో పేదింటి బాలికలు చదువు మానకుండ నిలిచిరి. అది గొప్ప మేలు. ఐనను ఇంటిభాషలో ఒకమారైనను వినని లెక్కను అయిదవ భాషలో చదివి సాధింపవలసిన భారము ఆ బాలికమీదనే పడినదని గుర్తింపకుండుట తగదు.

లిపి విషయము ఇంకను సూక్ష్మము. ఉర్దూ వాక్యము కుడినుండి ఎడమకు నడచును. దాని మధ్య 648 అను సంఖ్య వచ్చినచో కన్ను ఆగి, ఆ సంఖ్య ఎడమ కొసకు దుమికి, ఎడమనుండి కుడికి చదివి, మరల వెనుకకు వచ్చి వాక్యమును అందుకొనవలెను. 72 − 38 అని వాక్యమధ్యమున వ్రాసినప్పుడు కుడినుండి వచ్చు బాలుని కంటికి ముందు తగులునది 38. పెద్దలకు ఇది అభ్యాసమై పోయి తెలియదు. ఎనిమిదేండ్ల పిల్లకు ప్రతి పంక్తియు ఒక ప్రదక్షిణము. సంఖ్యానామములును అట్టివే. తెలుగులో డెబ్బదితొమ్మిది యన్నచో డెబ్బదియు తొమ్మిదియు విడివిడిగా వినబడును. ఉర్దూలో 79ని ‘ఉనాసీ’ యందురు, 89ని ‘నవాసీ’ యందురు. నూరు సంఖ్యలకు నూరు పేర్లు ఇంచుమించు విడివిడిగా కంఠస్థము చేయవలెను. మరియొక ప్రక్క చూడుడు: సవా, డేఢ్, ఢాయీ, పావ్, పౌన్ అను భిన్నములు ఆ పిల్లల నోట సహజముగా ఆడుచుండును. అంగడికి పోయి డేఢ్ పావ్ పప్పు తెచ్చు పిల్లది ఒకటిన్నర పావులు ఎంతయో బడికి రాకముందే ఎఱుగును. భిన్నముల పాఠము వచ్చినప్పుడు ఆ జ్ఞానమును పిలిచి కూర్చుండబెట్టు ఉపాధ్యాయులు ఎందరు? పుస్తకము ఒక వృత్తమును గీచి నాలుగు ముక్కలు చేసి మొదలిడును.

హిఫ్జ్ చేయు బాలుర విషయము ప్రత్యేకముగా చెప్పవలెను, గౌరవముతో చెప్పవలెను. ముప్పది పారాల ఖురానును, నూట పదునాలుగు సూరాలను ఒక్క స్వరము తప్పక హృదయస్థము చేయు బాలుని ఏకాగ్రత సామాన్యమైనది కాదు. ప్రతిదినము కొత్త పాఠమైన సబఖ్, నిన్న మొన్నటి పాఠములు, వెనుకటి పారాల మన్జిల్ అని మూడు విధముల ఆవృత్తి వారికి కలదు. మన వేదపాఠశాలలలో పనసలు అప్పజెప్పు వటువునకును ఇతనికిని సాధనలో భేదము లేదు; ఇరువురును ముందు ధ్వనిని, పిదప అర్థమును పొందుటకు ఏర్పడిన క్రమములో ఉన్నారు. ఆ క్రమము ఆ విద్యకు తగినది. కాని ఆ బాలుడే మధ్యాహ్నము లెక్కల పుస్తకము పట్టినప్పుడు, చదువు ధారాళముగా సాగుచున్నది గనుక అర్థమైనదని ఉపాధ్యాయుడు భ్రమించును. బాలుడును చదివితిని గనుక నా పని యైనదని భావించును. న్యూమన్ చెప్పిన మొదటి మెట్టునకును రెండవ మెట్టునకును నడుమ ఇక్కడ ఒక మెట్టంత దూరము కాదు, ఒక వీధియంత దూరము కలదు. దీనికి ఉపాయము సులభమే: లెక్కను చదివిన తరువాత పుస్తకము మూయించి, ‘ఏమి జరిగినదో నీ మాటలలో చెప్పు’ మనుట. హాఫిజ్ సాబు ధారణను పరీక్షించినట్లే లెక్కల ఉపాధ్యాయుడు కథనమును పరీక్షింపవలెను. ఆ ధారణాశక్తి ఇచట అడ్డు కాదు, ఆస్తి. వాక్యమంతటిని ఒక్కమారు విని మనసున నిలుపుకొనగల బాలునికి, అందలి సంబంధమును చూపించు పని సగము ముందే అయిపోయినది.

ఇప్పుడు ఆ సంప్రదాయపు నిధిలోనికి పోవుదము. నన్ను ఎక్కువగా ఆకర్షించిన భాగము ఇదియే. బాగ్దాదులో ఖలీఫా అల్ మామూన్ కాలమున, తొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధములో, ముహమ్మద్ ఇబ్నె మూసా అల్ ఖ్వారిజ్మీ బీజగణితమును రచించెను. ఆల్జీబ్రా అను పేరు ఆ గ్రంథనామమునుండియే ప్రపంచమున వ్యాపించినది; ఈ కారిడార్‌లోని ప్రతి యువకుడు దినమునకు పదిమార్లు పలుకు ‘అల్గారిథమ్’ ఆ గ్రంథకర్త పేరునుండి పుట్టినదే. కాని ఆ గ్రంథములో ఇంచుమించు సగము దేనికి వినియోగింపబడినదో మన పాఠ్యపుస్తకములు చెప్పవు. ఆ సగము మరణశాసనముల లెక్కలు, ఆస్తి పంపకముల లెక్కలు. అందు నేటి గుర్తులేవియు లేవు. సమీకరణములు సైతము మాటలలోనే చెప్పబడినవి. ఒకడు మరణించెను, ఇంత అప్పు కలదు, ఇందరు వారసులు కలరు, ఇంత భాగము పరునికి వ్రాసిపోయెను, ఎవరికెంత? గ్రంథమంతయు మాటలలోని లెక్క.

ఇస్లామీయ ధర్మశాస్త్రములో దాయభాగమును ‘ఫరాయిజ్’ అందురు. సగము, పాతిక, ఎనిమిదవ వంతు, మూడింట రెండు వంతులు, మూడవ వంతు, ఆఱవ వంతు అను ఆఱు భిన్నములమీద అది నిలిచియున్నది. భార్యను, ఒక కుమారుని, ఒక కుమార్తెను విడిచి ఒకడు మరణించెననుకొందము. అప్పులు తీరగా మిగిలినది 2,40,000 రూపాయలు. సంతానమున్నది గనుక భార్యకు ఎనిమిదవ వంతు, 30,000. మిగిలిన 2,10,000లో కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు: 1,40,000, 70,000. అయిదవ తరగతి పిల్ల చేయదగిన లెక్క యిది. పై తరగతులవారికి ఇంతకంటె రసవత్తరమైనవి కలవు. ఒక స్త్రీ భర్తను, ఇరువురు సహోదరీమణులను విడిచి మరణించినది. భర్తకు సగము, అక్కచెల్లెండ్రకు మూడింట రెండు వంతులు రావలెను. కూడి చూడుడు: ఆఱింట ఏడు! ఉన్న ఆస్తికంటె హక్కులు ఎక్కువైనవి. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ కాలమున ఇట్టిది ఎదురుపడగా, హారమును ఏడు చేసి భర్తకు మూడు పాళ్లును, సహోదరీమణులకు నాలుగు పాళ్లును ఇచ్చి అందరినీ ఒకే నిష్పత్తిలో తగ్గించిరి. దీనిని ‘ఔల్’ అందురు. ఇబ్నె అబ్బాస్ వంటి విజ్ఞుడు దీనితో ఏకీభవింపలేదు. భిన్నముల కూడిక ఒకటిని మించుట పలకమీద తప్పుగా కనబడును. ఇచట అది న్యాయమును గూర్చిన చర్చకు దారితీసినది. సంఖ్య మనుష్యుల నడుమ నిలిచి మాటాడిన యిట్టి ఘట్టము నాకు వేరే పాఠ్యపుస్తకములో కనబడలేదు.

లక్నోలోని ఫిరంగీమహల్ పండితుడు ముల్లా నిజాముద్దీన్ 18వ శతాబ్దిలో ఏర్పరచిన దర్సె నిజామీ పాఠక్రమములో బహావుద్దీన్ ఆమిలీ రచించిన ‘ఖులాసతుల్ హిసాబ్’ అను అంకగణిత గ్రంథము, యూక్లిడ్ జ్యామితి పాఠ్యములుగా నుండెడివి. ఆమిలీ తన గ్రంథాంతమున పూర్వులెవ్వరును సాధింపలేకపోయిన ఏడు సమస్యలను పొందుపరచి, తెలియనిది ఇంకను కలదని విద్యార్థికి తెలియజేసెను. కాలక్రమమున పెక్కు మదరసాలలో గణితము క్షీణించి, ఫరాయిజ్ గ్రంథమైన ‘సిరాజీ’ మాత్రము పై తరగతులలో నిలిచినది. అందుచేత నేటికిని ఒక వింత స్థితి కనబడును: ఒకే కట్టడములో, మేడమీద ఆలిమ్ కోర్సు చదువు యువకులు ఔల్ లెక్కలలో హారములు మార్చుచుందురు, క్రింద చిన్న తరగతిలోని తమ్ములు గోళీల లెక్క ముందు మూగవారై కూర్చుందురు. మేడమీది విద్యను క్రిందికి తెచ్చు మెట్లే లేవు.

ఒకరి విద్యను మరియొకరి లోకమునకు తెచ్చుట మన దేశములో కొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూటుల నాట మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన ‘గణితసారసంగ్రహము’ను పావులూరి మల్లన తెనిగించినప్పుడు పద్యములను మాత్రమే మార్చి ఊరకుండలేదు, మూలములోని జైన ప్రసక్తుల స్థానమున తన చదువరులకు పరిచితములైన శైవ ప్రసక్తులను ఉంచెను. లెక్క అదియే, లోకము వేఱు. భాస్కరాచార్యుని ‘లీలావతి’ని అక్బరు ఆజ్ఞచే ఫైజీ 1587లో పారశీకమునకు తెచ్చెను. ఇక మన నగరము మాట. 1917లో అనువాదశాఖను నెలకొల్పి, 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నత గణితమును బోధింపవచ్చునని లోకమునకు చూపినది. లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ కడ పరిశోధన చేసి వచ్చిన రజీయుద్దీన్ సిద్దీఖీ అచట గణితాచార్యులు. గణితమునకు ఉర్దూ చాలదను మాట ఈ ఊరిలో పలుకుటకు ఎవ్వరికిని అధికారము లేదు. చాలనిది చిన్న తరగతి పుస్తకములోని వాక్యము.

బ్రెజిల్ దేశపు రెసిఫె నగరములో వీధులలో సరకులమ్ము అయిదుగురు బాలలను గూర్చి 1985లో వెలువడిన పరిశోధన ఈ సందర్భమున మిక్కిలి ధైర్యము నిచ్చునది. అంగడిలో అడిగిన లెక్కలలో వారు నూటికి 98 సరిగా చేసిరి. అవే ప్రక్రియలను కాగితముమీద వట్టి అంకెలుగా నిచ్చినప్పుడు 37కు దిగిపోయిరి. వాటినే మాటల లెక్కలుగా నిచ్చినప్పుడు 74 వరకు చేసిరి. చూచితిరా! ఆ పిల్లలకు మాటలు అడ్డు కాలేదు, ఆధారమైనవి. మాట తమ జీవితములోనిదైనచో సంఖ్యకు అర్థము వచ్చును. కానిచో మాట మీదను, సంఖ్య మీదను రెండింటి మీదను భయమే మిగులును.

కావున నా ప్రార్థన ఏమనగా, ఈ పిల్లలకు లెక్కలు క్రొత్తగా వ్రాయవలెను. విధిదానమైన జకాత్ లెక్క వారి యింట ప్రతి రంజానులో వినబడును: సాఢే సాత్ (ఏడున్నర) తోలాల బంగారము, సాఢే బావన్ (ఏబదిరెండున్నర) తోలాల వెండి, అంతకు మించినచో నలుబదింట ఒక వంతు, అనగా ఢాయీ ఫీసద్ (నూటికి రెండున్నర). మేకల జకాత్ మరింత చక్కనిది. 40 మొదలు 120 వరకు ఒక మేక, 121 మొదలు 200 వరకు రెండు. మఱి 130 మేకలు గలవాడు ఎన్ని యీయవలెను? నలుబదిచే భాగింపబోయిన పిల్లవానికి మూడుమేకలును, ఒక పాతిక మేకయు వచ్చును. పాతిక మేకను ఎట్లిచ్చుటని వాడే నవ్వును, నవ్వి వాక్యమును మరల చదువును. వాక్యమును మరల చదివించు లెక్కయే మంచి లెక్క. సహరీకిని ఇఫ్తారుకును నడుమ గంటలు, నిమిషములు ఎన్ని యని అడుగవచ్చును; మసీదులో అంటించిన రంజాను పట్టికయే పాఠ్యపుస్తకము. దినమునకు ఒక పుట చొప్పున సబఖ్ తీసికొను బాలునికి ఇరువది పుటల పారా ఎన్నాళ్లకు పూర్తియగును, జుమా సెలవులు పోగా ఏ దినమునకు ముగియును? రాయదుర్గము మెట్రోలో తండ్రి వారమునకు పెట్టు ఖర్చెంత? వీటిలో ఏ ఒక్కదానికిని క్రొత్త సామగ్రి అక్కరలేదు.

ఐతే దీనిని మతపాఠముగా మార్చవలెనని నా భావము కాదు. ఆ పిల్లలకు బిర్యానీ పాళ్లు, గాలిపటముల మాంజా, సదర్ బజారు బేరములు, క్రికెట్ పరుగులు సైతము లోకమే. ఒక్క ఇస్లామీయ సందర్భములకే వారిని కట్టివేయుట మరియొక విధమైన సంకుచితత్వమగును. మదరసాలలో గణితోపాధ్యాయుల జీతముల ప్రశ్న వేఱు. కేంద్రప్రభుత్వము కొన్నాళ్లు నడపిన సాయము నిలిచిపోయినది గనుక ఆ లోటు ఎవరు పూరింతురో ప్రభుత్వములే చెప్పవలెను. ఉపాధ్యాయుడే లేనిచోట ఉత్తమమైన లెక్కయు గోడమీది వ్రాతయే.

ఈ నిధిని నడపు కుటుంబమువారిని ఒక్కటి అర్థింతును. వచ్చు సంవత్సరము ఉపన్యాసమునకు మారుగా ఒక చిన్న పుస్తకమును వేయింపుడు. అందలి లెక్కలను ఆచార్యులు కాక, మక్తబుల ఉస్తాదులును, ఉర్దూ బడుల ఆపాలును, గురుకులముల ఉపాధ్యాయినులును వ్రాయవలెను. ప్రతి లెక్కయు ముందు దక్ఖనీలో నోటితో పిల్లలకు చెప్పబడవలెను. పుస్తకము చూడకుండ పిల్ల దానిని తిరిగి చెప్పగలిగినచో వాక్యమును ఉంచవలెను, చెప్పలేనిచో మార్చవలెను. ఆ పిమ్మట ఒకే పుటలో ఉర్దూ, తెలుగు, ఆంగ్లము మూడింటను అచ్చువేయవలెను. ఉర్దూ పంక్తిలో సంఖ్యలను విడిగా, క్రింది వరుసలో పెద్ద అక్షరములతో చూపవలెను. జవాబుల పట్టిక చివర వద్దు. దానికి బదులు ప్రతి లెక్కక్రిందను రెండు పంక్తుల ఖాళీ స్థలము విడువుడు: మొదటి పంక్తిలో పిల్ల ఏమి జరిగినదో తన మాటలలో వ్రాయును, రెండవ పంక్తిలో లెక్క వేయును. మొదటి పంక్తి నిండనిదే రెండవదానిని దిద్దవలదని ఉపాధ్యాయులకు ముందుమాటలోనే చెప్పుడు. షేక్‌పేట, టోలీచౌకి, మసీద్ బండలలో మూడు నాలుగు బడులు మొదటి ముసాయిదాను పరీక్షించుటకు చాలును. ఆ పనికి నా వంతు దినములను ఇచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను.